ఎడమవైపు మూడో చక్రం

ఆ సోమవారం ఉదయం ఆమె వేసుకున్న పథకంలో పొరపాటుకు చోటు లేదు. ఆరున్నరకు స్నానం, ఏడింటికి కాఫీ, ఏడుంబావుకు ట్యాంకుకు ఆఖరి చక్రం అతికించడం, ఎనిమిదింటికి బయలుదేరడం. పదకొండింటికి ఆఫీసులో పరీక్ష, సాయంత్రం ఐదింటికి సంతకం. ఇదంతా ముందురోజే కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. ఇంట్లో అందరూ ఆ కాగితం చదివారు. చదివినవాళ్లే దాన్ని తలకిందులు చేశారు.

ట్యాంకంటే నిజం ట్యాంకు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వాడిన పాంథర్ ట్యాంకుకు ముప్పై ఐదో వంతు నమూనా. ఫిరంగితో కలిపి జానెడు పైచిలుకు ఉంటుంది. ఆమె పనిచేసే కంపెనీ ఇలాంటి ట్యాంకులను ప్లాస్టిక్ ముక్కలుగా చేసి పెట్టెల్లో సర్ది, కిట్లని పేరు పెట్టి అమ్ముతుంది. కొన్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లి, ముక్కలు కత్తిరించి, అతికించి, రంగులేసి, అలమారాలో పెట్టుకుని మురిసిపోతారు. ఆ ముక్కల్లో ప్రతిదీ అసలు బండిలో ఎలా ఉండేదో పాత ఫోటోలు, పాత పటాలు, మ్యూజియంలో మిగిలిన బళ్లు చూసి తేల్చడం ఆమె ఉద్యోగం.

ఆఫీసులో ఆమెను అరమిల్లీ అంటారు. ఒకసారి అర మిల్లీమీటరు తేడా ఉందని ఒక కిట్టును నాలుగు నెలలు ఆపేసింది. ఆ పేరు పెట్టింది వెక్కిరించడానికే. ఆమె మాత్రం తన బల్ల మీది పేరు పలకలో అదే రాయించుకుంది. ఆ తర్వాత ఏం చెయ్యాలో వెక్కిరించినవాళ్లకు తోచలేదు.

పదకొండేళ్లు ఇతరులు గీసిన కిట్లలో తప్పులు దిద్దింది. మొదటి గీత నుంచి చివరి గీత దాకా తనే గీసిన మొదటి కిట్టు ఈ పాంథర్. దీనికి మూడేళ్లు పట్టింది. ఏదో ఒక పాంథర్ కాదిది. టరెట్ మీద, అంటే ఫిరంగి ఉన్న తిరిగే పైభాగం మీద, 534 అన్న అంకె ఉన్న ఒకే ఒక్క బండి. దానివి రెండు ఫోటోలు మిగిలాయి, రెండూ కుడివైపువే. కుడివైపు చక్రాలన్నిటికీ అంచు చుట్టూ ఇరవై నాలుగేసి బోల్టులున్నాయి. మొదట్లో తయారైన పాంథర్ చక్రాలకు పదహారే ఉండేవి, తర్వాత ఇరవై నాలుగు చేశారు. ఈ తేడా తెలియకపోయినా మామూలు మనిషి జీవితం హాయిగానే గడిచిపోతుంది. ఈ కిట్లు కొనేవాళ్లు మామూలు మనుషులు కారు.

సాయంత్రం సంతకం పడగానే ఆమె గీసిన పటాలు ఉక్కు అచ్చులు కోసే వర్క్‌షాపుకు వెళ్తాయి. ఉక్కు కోశాక దిద్దడం కుదరదు. తప్పు కోస్తే ఆ తప్పు పదివేల పెట్టెల్లోకి వెళ్తుంది. ప్రతి పెట్టె మీదా 'రూపకల్పన' అన్న మాట కింద ఆమె సంతకం ఉంటుంది. ఆ సంతకం కింద అబద్ధం ఉండకూడదు. మూడేళ్లుగా ఆమె పంతం అదొక్కటే.

ఆదివారమంతా నమూనా ముక్కలను భోజనాల బల్ల మీద అతికించింది. ఎడమవైపు బయటి వరుసలో మూడో చక్రాన్ని మాత్రం పొద్దున అతికిద్దామని ఇరుసుకు ఊరికే తగిలించి ఉంచింది. కోటు బొత్తామంత ఉంటుందది. ఏడింటికి ఆమె ఇంకా స్నానాల గదిలోనే ఉంది. అత్తగారు కొత్తగా కొనుక్కున్న వ్యాక్యూమ్ క్లీనర్‌తో భోజనాల గదిలోకి వచ్చారు. వారం రోజులుగా ఆ ఇంట్లో దుమ్ముకు దిక్కులేకుండా పోయింది. ఇంకా ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఆవిడ వెతుకుతున్నారు.

పది నిమిషాల్లో ఆవిడ కొడుకు గది తలుపు తట్టారు. కొడుకు పళ్ల డాక్టరు.

"ఒరేయ్, ఒకసారి ఇలా రా. గట్టిగా మాట్లాడకు."

"ఏమైందమ్మా?"

"ట్యాంకు చుట్టూ దుమ్ముంటే లాగాను. దాన్నుంచి ఏదో లోపలికి పోయింది. టక్కుమని చప్పుడు కూడా వచ్చింది."

"సంచి విప్పి చూడకపోయావా?"

"విప్పి చెత్తబుట్టలో దులిపి, బుట్టను చెత్తబండిలో ఖాళీ చేసేశాను. చక్రం సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. పరిగెత్తుకెళితే చెత్తబండి సందు మలుపు తిరుగుతోంది."

డాక్టరు ట్యాంకు దగ్గరికి వెళ్లి చూశాడు. వరుసలో ఒక పన్ను ఊడినట్టుంది. వృత్తిరీత్యా అతనికి ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఫ్రిజ్ మీది కాగితం చూశాడు. స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

"చెప్పేద్దాంరా. తిడితే పడతాను," అన్నారు అత్తగారు.

"నిన్నెందుకు తిడుతుందమ్మా. నన్ను తిడుతుంది. నువ్వెళ్లి కాఫీ పెట్టు."

ఆమె పనిముట్ల పక్కన 'పనికిరానివి' అని రాసిన డబ్బా ఉంది. అందులో అచ్చం అలాంటి చక్రమే దొరికింది. అంతే గుండ్రం, అంతే వెడల్పు, అదే బూడిద రంగు. పనికిరానివాటిలో ఎందుకు పడేసిందో అతను ఆలోచించలేదు. తన సంచిలోంచి పళ్లకు తొడుగులు కూర్చోబెట్టే సిమెంటు తీసి, చక్రాన్ని ఇరుసు మీద కూర్చోబెట్టి, పేషెంటుకైతే చెప్పినట్టే అరగంట ఏమీ నమలకూడదని మనసులో అనుకుని, ట్యాంకును డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

ఆమె తల తుడుచుకుంటూ వచ్చేసరికి అతను చేతులు కడుక్కుంటున్నాడు.

"నీకు హడావిడిగా ఉంటుందని ఆ చక్రం నేనే అంటించేశాను."

పెళ్లయి పదహారేళ్లయింది. ఇన్నేళ్లలో అతను ఆమె పని వైపు తొంగిచూసింది లేదు. ఆమెకు నిజంగా సంతోషం వేసింది. "మీరా?" అంది. కళ్లలో కాస్త తడి కూడా వచ్చింది. అరమిల్లీ అన్న పేరు పెట్టించుకున్న మనిషి ఆ సంతోషంలో మూత తీసి చూడలేదు. అత్తగారు తెచ్చిన కాఫీ తాగి, అనుకున్న దానికంటే పావుగంట ముందే బయలుదేరింది.

ఆఫీసు ఒక గోదాము పైన రెండు గదులు. పదిన్నరకు బల్ల సర్ది, దీపం వెలిగించి, ట్యాంకును తెల్ల గుడ్డ మీద పెట్టింది. అలవాటు కొద్దీ బోల్టులు లెక్కపెట్టింది. కుడివైపు సరిపోయాయి. ఎడమవైపు ఒకటి, రెండు సరిపోయాయి. మూడోది పదహారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టింది. పదహారే. చక్రాన్ని వేళ్లతో పట్టి లాగింది. ట్యాంకు మొత్తం బల్ల మీంచి పైకి లేచింది కానీ చక్రం కదల్లేదు.

ఫోన్ తీసి భర్తకు చేసింది.

"ఏమండీ, ఎడమవైపు మూడో చక్రం ఎక్కడిది?"

అవతల పళ్లు తొలిచే యంత్రం చప్పుడు ఆగింది. "నీదే కదా."

"నాదానికి ఇరవై నాలుగు బోల్టులు. దీనికి పదహారు."

"ఎనిమిదే కదా తేడా."

ఆమె ఫోన్లోనే బోల్టులు పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆమె అలా లెక్కపెడితే ఎంత ప్రమాదమో అతనికి తెలుసు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వ్యాక్యూమ్, టక్కుమన్న చప్పుడు, చెత్తబండి, డబ్బా, సిమెంటు.

"ఆ సిమెంటు ఎలా ఊడుతుంది?"

"ఊడదు. దాని గొప్పతనమే అది. నేనొచ్చి తియ్యాలి. పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నారు, మధ్యాహ్నం రానా?"

అప్పటికే మెట్ల మీద చేతికర్ర చప్పుడు వినిపిస్తోంది. కిట్టును పరీక్షించాల్సిన పెద్దాయన, అందరూ బోల్టుల మాస్టారు అనే ఆయన, అనుకున్న దానికంటే ముందే వచ్చేశారు. ఆయన వెనకాలే తలుపు తెరిచి పట్టుకుంటూ కంపెనీ యజమాని.

మాస్టారు ఒకప్పుడు పారిశ్రామిక శిక్షణ పాఠశాలలో లేత్ యంత్రం మీద పని నేర్పేవారు. రిటైరయ్యాక, నిజానికి రిటైరవకముందు నుంచే, నలభై ఏళ్లుగా యుద్ధకాలపు ట్యాంకుల ఫోటోలు సేకరిస్తున్నారు. ఆయన దగ్గర లేని ఫోటో లోకంలో లేదని పేరు. మెడలో తాడుకు భూతద్దం వేలాడుతూ ఉంటుంది. ఆయన బాగుందంటే ఈ కిట్లు కట్టేవాళ్ల సంఘం మొత్తం కొంటుంది. సంఘం కొంటుందంటే డిస్ట్రిబ్యూటర్ ఆర్డరు ఇస్తాడు. ఆయన పెదవి విరిస్తే పెట్టెలు గోదాములోనే ముసలివైపోతాయి. యజమానికి ఈ సంగతి క్షుణ్ణంగా తెలుసు. అతను చెడ్డవాడేం కాదు, భయస్తుడు. భయం వేసినప్పుడల్లా ముందు నోరు తెరుస్తాడు, తర్వాత ఆలోచిస్తాడు.

మాస్టారు కుర్చీలో కూర్చుని భూతద్దం ఎత్తారు. కుడివైపు పావుగంట చూశారు. తల ఊపారు. ట్యాంకును తిప్పారు. భూతద్దం ఒకచోట ఆగింది.

"ఎడమ మూడోది పదహారు," అన్నారు.

"అవునండి, అది ఎలా జరిగిందంటే" అని ఆమె మొదలుపెట్టింది.

"దానికి ఫోటో ఉందండి," అన్నాడు యజమాని.

అతను ఏ ఫోటో చూడలేదు. ఈ వ్యాపారంలో ఫోటో అన్న మాట వినగానే ఎంతటివాడైనా నోరు మూసుకోవడం చూశాడు, అంతే. మాస్టారు భూతద్దం కిందికి దించారు. తను చూడని ఫోటో ఒకటుందని ఈ కుర్రకారు ముందు ఒప్పుకుంటే నలభై ఏళ్ల పేరు ఏం కావాలి? ఆయన గొంతు సవరించుకున్నారు.

"తెలుసు," అన్నారు. "నా దగ్గరా ఉంది."

ఆమె ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఎడమవైపుది ఫోటోయే లేదు కదండీ. మూడేళ్లు వెతికాను."

"నువ్వు చూసి ఉండవమ్మా. బాగా పట్టేశారయ్యా. ఆ ఒక్క చక్రం ఎవరైనా గమనిస్తారా అని ఇన్నాళ్లూ చూస్తున్నాను."

"మాస్టారూ, అసలు చక్రం మా అత్తగారు వ్యాక్యూమ్‌తో లాగేస్తే మా ఆయన ఇంకోటి పళ్ల సిమెంటుతో అంటించారు."

యజమాని గట్టిగా నవ్వాడు. "మా మేడమ్‌కి చతుర్లెక్కువండి," అని మాస్టారిని చెయ్యి పట్టుకుని కాఫీకి తీసుకెళ్లాడు.

నిజం చెబితే నమ్మకపోవడం ఒక ఎత్తు, నవ్వడం ఇంకో ఎత్తు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మాస్టారు కాఫీ తాగుతూనే సంఘం కార్యదర్శికి ఫోన్ చేశారు. పన్నెండింటికల్లా సంఘంలో అందరికీ తెలిసింది. పన్నెండున్నరకు డిస్ట్రిబ్యూటర్ ఫోన్ చేసి, ఆ ఫోటోను బట్టి చేసిన కిట్టయితే ఆర్డరు రెండింతలు చేస్తానన్నాడు. "ఫోటోలో ఎలా ఉంటే అచ్చం అలాగే చేస్తాం, నాది పూచీ," అని యజమాని మాటిచ్చాడు. వెంటనే పెట్టె మీద బొమ్మ వేసే ఆర్టిస్టుకు ఫోన్ చేసి కుడివైపు వేసిన బొమ్మ చెరిపేసి ఎడమవైపు వెయ్యమన్నాడు. ఆర్టిస్టు తిట్టాడు. 'అరుదైన ఫోటో ఆధారంగా' అన్న ముక్క ఎర్ర అక్షరాల్లో వెయ్యమని ప్రెస్సువాళ్లకు చెప్పాడు. ఒంటిగంటకు ముగ్గురు అభిమానులు ఆఫీసు మెట్ల మీద నిలబడి చక్రం చూపించమన్నారు. చూపించాడు. వాళ్లు చక్రంతో ఫోటో దిగి వెళ్లారు.

ఒంటిగంటన్నరకు యజమాని ఆమె గదిలోకి వచ్చి తలుపు వేశాడు.

"మేడమ్, పటంలో ఎడమ మూడోది పదహారు చేసేసి సంతకం పెట్టండి."

"పెట్టను."

"రాత్రికి రాత్రి మన కిట్టు ఎక్కడికో వెళ్లిపోతుంది."

"వెళ్లనివ్వండి. నా సంతకం లేకుండా వెళ్లమనండి."

"అలాంటి బళ్లు అసలు లేవా? మరమ్మతులప్పుడు ఏ చక్రం దొరికితే అది వేసేవారని మీరే కదా చెప్పారు."

"కొన్నిటికి వేశారు. దీనికి వేశారని ఎవరు చూశారు?"

"మాస్టారు చూశారు."

"మీ మాట పట్టుకుని మాస్టారు చూశారు. మా ఆయన సిమెంటు పట్టుకుని మీరు చూశారు. అసలు చూసినవాళ్లు ఎవరు సార్?"

యజమాని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "ఎనభై ఏళ్ల నాటి ఇనుము మేడమ్. అదీ ఆ పాపిష్టివాళ్లది. ఒక చక్రం ఎలా ఉంటే ఎవరికి నష్టం?"

"పాపిష్టివాళ్లది కాబట్టే. ఆ బండి తోలినవాళ్లు లోకానికి చెప్పిన అబద్ధాలు చాలు. నా చేత్తో ఇంకొకటి కలపను. బండి ఎలా ఉందో అలా చూపిస్తాను. అంతకంటే గొప్పగానూ చూపించను, వింతగానూ చూపించను."

"మీరు పెట్టకపోతే నేనే పెడతాను సంతకం."

"పెట్టండి. రూపకల్పన అన్నచోట మీ పేరే వేసుకోండి. రేపు ఎవరైనా భూతద్దం పట్టుకుని వస్తే మీరే ఎదురు నిలబడండి."

యజమాని భూతద్దాన్ని తలచుకుని కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆమె లేచి ట్యాంకును డబ్బాలో పెట్టి, పటాలు చుట్టి చంకలో పెట్టుకుంది.

"నేను మాస్టారింటికి వెళ్తున్నాను. ఫోటో చూపిస్తే పదహారుకు సంతకం పెడతాను. చూపించకపోతే ఐదింటికి ఇరవై నాలుగుతో పంపిస్తాను. ఆ తర్వాత నా ఉద్యోగం ఉంచుతారో ఊడబీకుతారో మీ ఇష్టం."

పద్నాలుగేళ్ల ఉద్యోగం. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

మాస్టారి ఇల్లు రెండు వీధుల అవతల. దారిలో భర్తకు ఫోన్ చేసి పనిముట్లతో అక్కడికి రమ్మంది. ఆమె గుమ్మం ఎక్కేసరికి వెనకాలే రొప్పుతూ యజమాని వచ్చాడు. పది నిమిషాలకు డాక్టరు వచ్చాడు. అతని వెనక అత్తగారు దిగారు.

"మీరెందుకొచ్చారు అత్తయ్యా?"

"తప్పు నాది. నువ్వు తిట్లు తింటుంటే నేనింట్లో కూర్చోనా? వాడు చెప్పొద్దన్నాడు కానీ నేను చెప్పేదాన్నే అమ్మాయ్."

మాస్టారు తలుపు తీసి ఇంతమందిని చూసి తెల్లబోయారు. ముందుగదిలో నేల కనిపించదు. గోడల వెంట అట్టపెట్టెలు, వాటి మీద చెప్పుల డబ్బాలు, వాటి మీద బిస్కట్ డబ్బాలు, అన్నీ ఫోటోలే. ఒక్క మనిషి పడుకునేంత మంచం, ఒక్క మనిషి కూర్చునేంత కుర్చీ.

"మాస్టారూ, ఆ ఫోటో ఒకసారి చూపించండి," అందామె.

"చూపిస్తాను. ముందు కాఫీ తాగండి."

"తాగొచ్చామండి."

"ఎక్కడో పెట్టాను. వెతకాలి. వచ్చేవారం రండి."

"ఐదింటికి నేను సంతకం పెట్టాలి. మీరు కూర్చోండి, మేం వెతుకుతాం."

ఆయన కాదనేలోపు ఆమె ఒక పెట్టె మూత తీసింది. "మాస్టారు చూశారంటే చూసినట్టే కదండీ," అని యజమాని గుమ్మంలోంచి గొణుగుతూనే ఉన్నాడు. డాక్టరు డబ్బాలు దించాడు. అత్తగారు నేల మీద చాప పరుచుకుని కూర్చున్నారు. ఆవిడ ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేశారు. "అంకె ఎంతన్నావు? ఐదు మూడు నాలుగా?" అని అడిగి, ఇక తల ఎత్తలేదు. ఫోటోలు ఆవిడ చేతుల్లోంచి టపటపా రాలుతూ వరుసలుగా పడుతున్నాయి. టరెట్ కనిపించేవి ఇటు, కనిపించనివి అటు. మాస్టారు నలభై ఏళ్లలో సర్దలేనివి రెండు గంటల్లో సర్దేశారు. 534 మాత్రం లేదు.

మాస్టారు మంచం మీద కూర్చున్నారు. డబ్బా ఒక్కొక్కటీ ఖాళీ అవుతుంటే ఆయన మొహంలో రంగు మారిపోతోంది. నాలుగుంబావు అయింది.

"అన్నయ్యగారూ, ఇదేంటి? విప్పనే లేదు," అన్నారు అత్తగారు. మంచం కింద నుంచి దారంతో కట్టిన కాగితపు పొట్లం లాగారు. దారం మీద లక్క ముద్ర అలాగే ఉంది.

"అది వద్దమ్మా," అన్నారు మాస్టారు.

"అందులో ఉందా ఫోటో?" అడిగాడు యజమాని ఆశగా.

మాస్టారు చేతికర్రను ఒళ్లోకి తీసుకున్నారు.

"లేదయ్యా. నా దగ్గర ఆ ఫోటో లేదు. పొద్దున అబద్ధం చెప్పాను. ఆ పొట్లం పన్నెండేళ్ల కిందట పాత కాగితాల్లో కొన్నాను. అందులో ఏముందో నాకూ తెలియదు. మిగతావన్నీ చూసేశాను. ఇంకా చూడాల్సింది ఒక్కటైనా ఇంట్లో ఉంటే పొద్దున లేవడానికి ఒక కారణం ఉంటుందని, దాన్ని అలాగే ఉంచాను."

ఆమె పోట్లాడ్డానికి వచ్చింది. పోట్లాడాలనిపించలేదు. వెళ్లి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఇన్ని డబ్బాల్లో ఫోటోల వెనక మీరు రాసుకున్నవి చూశానండి. తెలియనిచోట తెలియదని రాశారు. ప్రతిచోటా రాశారు. ఇవాళ ఒక్కరోజే తప్పారు. ఇది విప్పమని నేను బలవంతపెట్టను. లేదని ఒప్పుకున్నారు, నాకు అది చాలు. ఇరవై నాలుగుకు సంతకం పెట్టుకుంటాను."

మాస్టారు ఆమెను తేరిపార చూశారు. తర్వాత ముందుకు వంగి, అత్తగారి చేతిలోంచి పొట్లం తీసుకుని, ముద్ర పగలగొట్టి, దారం తనే విప్పారు. "నా ఇంట్లో నాకు బలవంతమేమిటమ్మా," అన్నారు. ఆయన ఫోటోలు ఒక్కొక్కటే చూసి అత్తగారికి అందించారు. వంతెన. గుర్రాలు. విరిగిన లారీ. ఎవరిదో పెళ్లి. తొమ్మిదో ఫోటో దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

చెట్ల కింద ఒక పాంథర్. టరెట్ మీద 534. ఎడమవైపు. బండి పక్కన ఒక సైనికుడు బకెట్ బోర్లించుకుని కూర్చుని బూటు విప్పుకుంటున్నాడు.

అందరి తలలూ ఒకచోటికి చేరాయి. ఆమె భూతద్దం కింద వేలు జరుపుతూ లెక్కపెట్టింది. మొదటి చక్రం, ఇరవై నాలుగు. రెండోది, ఇరవై నాలుగు. మూడోది.

మూడోది లేదు.

ఇరుసు మొండిగా బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఏ దారిలో ఊడిపోయిందో, బండి అలాగే నడిచింది. నాలుగో చక్రం యథాస్థానంలో ఉంది.

అత్తగారు ఫోటో దగ్గరికి లాక్కుని అన్నారు.

"అయితే పొద్దున నేను లాగింది సరిగ్గానే లాగాను."

డాక్టరు తల దించుకున్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో చరిత్రకు అన్యాయం చేసింది తనొక్కడేనని తేలిపోయింది.

యజమాని అందరికంటే ముందు తేరుకున్నాడు. "పోనీలెండి. గొడవ వదిలింది. మేడమ్, మీరు పొద్దున్నించీ అంటున్నట్టే ఇరవై నాలుగు పెట్టేసి సంతకం చెయ్యండి. నేను ఒప్పుకుంటున్నాను. ఇది చూసింది మనం ఐదుగురమే."

"పొద్దున నాకు తెలియదు సార్. ఇప్పుడు తెలుసు."

"ఏం తెలుసు?"

"అక్కడ చక్రం లేదని. లేకుండానే పంపిస్తాను."

"చక్రం లేని కిట్టా? పెట్టె విప్పినవాడు మనల్ని ఏమనుకుంటాడు? చక్రం వెయ్యడం మర్చిపోయారనుకుంటాడు."

"అనుకోనివ్వండి."

"పొద్దున్నుంచి ఆ చక్రం మార్చనని నా ప్రాణం తీశారు. ఇప్పుడు ఆ చక్రమే వద్దంటారా? ఏదో ఒక మాట మీద నిలబడండి మేడమ్."

"పొద్దున్నుంచీ ఒకే మాట మీద ఉన్నాను. చక్రాలే మారుతున్నాయి."

యజమాని మాస్టారి వైపు తిరిగాడు. మాస్టారు అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నారు. "కార్యదర్శిగారా? పొద్దున నేను చెప్పింది అబద్ధం. ఫోటో అప్పుడు నా దగ్గర లేదు. ఇప్పుడుంది. రాసుకోండి, ఎడమ మూడో చక్రం లేదు. ఆ, లేదంటే లేదనే. అబద్ధం ఎందుకు చెప్పారంటే ఏం చెప్పను, ముసలితనం అని రాసుకోండి." ఫోన్ పెట్టేసి చేతికర్ర నేలకేసి ఒకసారి కొట్టారు. ఆయన మొహంలోకి రంగు తిరిగి వచ్చింది.

మూడు నిమిషాల్లో యజమాని ఫోన్ మోగింది. డిస్ట్రిబ్యూటర్. గొంతు గది అంతా వినిపించింది.

"ఫోటో బయటపడిందట కదండీ, అసలు చక్రమే లేదట. మావాళ్లు గంతులేస్తున్నారు. ఫోటోలో ఎలా ఉంటే అచ్చం అలాగే అని మీరు పూచీ పడ్డారు, గుర్తుంది కదా? ఇప్పుడు చక్రం పెడితే ఆర్డరు రద్దు."

యజమాని గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూలబడ్డాడు.

డాక్టరు సంచి విప్పి, సన్నటి పట్టకారు తీసి, ట్యాంకును ఒళ్లో పెట్టుకున్నాడు. "కొంచెం నొప్పిగా ఉంటుంది," అన్నాడు అలవాటు కొద్దీ. పటుక్కున చక్రం ఊడింది. ఇరుసు మొండిగా మిగిలింది. ఆమె ట్యాంకును ఫోటో పక్కన పెట్టి చూసింది. మూడేళ్లలో మొదటిసారి ఎక్కడా దిద్దడానికి ఏమీ కనిపించలేదు. భర్త వైపు చూసి నవ్వింది.

ఐదింటికి ఏడు నిమిషాలుండగా మాస్టారి మంచం మీద పటాలు పరిచి, ఎడమవైపు వరుసలో మూడో చోట 'లేదు' అని రాసి, కింద సంతకం పెట్టింది. యజమాని ఆ కాగితం తీసుకుని, ఒకసారి ఆమె మొహం చూసి, వర్క్‌షాపుకు పరిగెత్తాడు.

కిట్టు బయటికొచ్చి ఎనిమిది నెలలైంది. పెట్టెలో ఒక చక్రం తక్కువ వచ్చిందని ఇంతవరకు మూడు వందల పన్నెండు ఉత్తరాలు వచ్చాయి. వాటికి జవాబులు యజమాని ఎవరినీ రాయనివ్వడం లేదు, ఆమే రాయాలన్నాడు. ఆమె ప్రతి ఉత్తరానికీ విడివిడిగా, సొంత దస్తూరీతో, కింద సంతకం పెట్టి మరీ జవాబు రాస్తోంది: "అవును."